వాల్తేరులో అతీంద్రియ విద్య: ఒక పరిశోధన శాఖ చరిత్ర, దాని శాస్త్రీయ ప్రతిపత్తి

1967లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో మనస్తత్వ శాస్త్రానికీ, పరామనోవిజ్ఞానానికీ కలిపి ఒక శాఖ ఏర్పడింది. ఒక విశ్వవిద్యాలయ శాఖ పేరులోనే 'పారాసైకాలజీ' అన్న మాటకి చోటు దొరకడం ఆనాడూ అరుదే, ఈనాడూ అరుదే. ఇంద్రియాల సాయం లేకుండా మనసుకి ఏమైనా తెలుస్తుందా? ధ్యానం వల్ల ఆ శక్తి పెరుగుతుందా? ఇలాంటి ప్రశ్నలని పురాణ కాలక్షేపంగా కాక, లెక్క కట్టి, పట్టికలు వేసి, పత్రికలకు పంపి తేల్చుకోవాలన్నది ఆ శాఖ సంకల్పం. దాని వెనుక ఉన్న వ్యక్తి కోనేరు రామకృష్ణారావు.

ఈ శాఖ గురించి తెలుగువాళ్ళలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. మన యోగశాస్త్రాన్ని ప్రయోగశాలలో నిరూపించిన ఘనకార్యమని కొందరంటారు. ప్రజాధనంతో సాగిన మూఢనమ్మకమని మరికొందరంటారు. రెండూ చరిత్రని చదవకుండా ఇచ్చిన తీర్పులే. ఒక విద్యకి శాస్త్రమన్న పేరు ఎలా వస్తుంది, ఎందుకు రాకుండా పోతుంది అన్న విషయాన్ని అర్థం చేసుకోవడానికి వాల్తేరు కథ మంచి ఉదాహరణ. ఆ కథలో ఫలితాలకన్నా పద్ధతులే ముఖ్యం. అందుకని పద్ధతుల దగ్గరే మొదలుపెడతాను.

అయిదు బొమ్మలు, ఇరవై అయిదు కార్డులు

అతీంద్రియ విషయాలపై వ్యవస్థాగతమైన పరిశీలన 1882లో లండన్‌లో సైకికల్ రీసెర్చ్ సొసైటీ స్థాపనతో మొదలయింది. ఆ తొలి తరం వారిది ప్రధానంగా సాక్ష్యాలు సేకరించే పని. కలలో కనిపించిన మరణవార్తలు, దయ్యాలు పట్టిన ఇళ్ళు, మృతులతో మాట్లాడిస్తామనే మధ్యవర్తులు వారి ముడిసరుకు. సాక్షి ఎంత పెద్దమనిషయినా జ్ఞాపకానికి పొరపాటు తప్పదు కనుక ఆ పద్ధతి ఎటూ తేలలేదు.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ బ్యాంక్స్ రైన్ ఈ పనిని సంఖ్యల దారి పట్టించాడు. 1934లో వెలువడిన ఆయన పుస్తకంతో 'ఎక్‌స్ట్రా సెన్సరీ పర్సెప్షన్' అన్న మాట లోకంలో స్థిరపడింది. ఆయన పరికరం 25 కార్డుల కట్ట. వృత్తం, కూడిక గుర్తు, అలలు, చతురస్రం, నక్షత్రం అనే అయిదు బొమ్మలు, ఒక్కొక్కటీ అయిదు కార్డులపై ఉంటాయి. కార్డు కనబడకుండా బొమ్మ ఏదో చెప్పాలి. ఊరికే ఊహిస్తే సగటున 25కి 5 సరిపోతాయి. ఒక కట్టకి ప్రామాణిక విచలనం సుమారు 2. నూరు కట్టలు చేస్తే సగటు 500, విచలనం 20. అంటే నూరు కట్టలలో 560 సరిపోతే అది మూడు విచలనాల దూరం. కేవలం యాదృచ్ఛికంగా అలా జరిగే అవకాశం వెయ్యికి ఒకటిన్నర కన్నా తక్కువ.

ఈ పద్ధతికి ఉన్న బలమూ, బలహీనతా ఒకచోటే ఉన్నాయి. 560 అంటే కట్టకి అరకార్డుకి కొంచెం పైన మాత్రమే ఎక్కువ. పరీక్షల సంఖ్య పెంచితే అంత చిన్న ప్రభావం కూడా పట్టుబడుతుంది. అయితే అంతే చిన్న పొరపాటు కూడా అదే విధంగా పెద్ద ఫలితంగా కనబడుతుంది. రాసుకునేవాడు అప్పుడప్పుడు ఒక తప్పుని ఒప్పుగా వేసుకున్నా చాలు. తొలి రోజుల్లో అచ్చయిన కార్డులు కొన్ని వెలుగు పడే కోణాన్ని బట్టి వెనకనుంచి కూడా లీలగా కనిపించేవని విమర్శకులు చూపించారు. 1937లో గణాంక శాస్త్రవేత్తల సంస్థ అధ్యక్షుడు బర్టన్ క్యాంప్, రైన్ లెక్కల్లో దోషం లేదనీ, విమర్శించదలచినవారు మరోచోట వెతకాలనీ ప్రకటించాడు. దానిని రైన్ పక్షం విజయంగా చెప్పుకుంది. కానీ ఆ ప్రకటన అసలు అర్థం, చర్చ గణితం నుంచి ప్రయోగ నిర్వహణకి మారిందని మాత్రమే.

తెనాలి నుండి డ్యూక్ వరకు

1932లో పుట్టిన రామకృష్ణారావు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తత్త్వశాస్త్రం చదివారు. ఆయన తొలి పుస్తకం 'సై కాగ్నిషన్' 1957లో తెనాలిలో అచ్చయింది. అప్పటికి ఆయన వయసు పాతికేళ్ళు. ప్రయోగశాలని చూడకముందే, రైన్ రచనలని భారతీయ జ్ఞానసిద్ధాంతం వెలుగులో చదివి రాసిన పుస్తకమది. ఆ తరువాత ఆయన చికాగో విశ్వవిద్యాలయంలో చదివి, 1962 నుండి కొన్నేళ్ళు డ్యూక్‌లో రైన్ దగ్గర పనిచేశారు. 1965లో పారాసైకలాజికల్ అసోసియేషన్‌కి అధ్యక్షులయ్యారు.

ఆ పదవిలో ఆయన చేసిన ప్రసంగం అతీంద్రియ ప్రజ్ఞకి ఉన్న రెండు దిశల గురించి. కార్డు పరీక్షల్లో కొందరికి సగటుకన్నా ఎక్కువ వచ్చినట్టే, మరికొందరికి సగటుకన్నా తక్కువ వస్తుంది. యాదృచ్ఛికతే కారణమైతే అంత తక్కువ రావడం కూడా అరుదే కదా, కనుక అది కూడా ఆ శక్తి పనిచేస్తున్నదనడానికి సూచనే అన్నది వాదన. ఒకే మనిషికి రెండు రకాల లక్ష్యాలు, ఉదాహరణకి రెండు భాషల మాటలున్న కార్డులు, కలిపి ఇస్తే ఒక రకంలో ఎక్కువ, మరొక రకంలో తక్కువ వచ్చే ధోరణి ఉందని ఆయన పత్రాలు ప్రతిపాదించాయి. పరామనోవిజ్ఞాన సాహిత్యంలో దీనిని భేదాత్మక ప్రభావం అంటారు. ఈ రంగానికి ఆయన సొంతంగా చేర్చిన ముఖ్యమైన ఊహ ఇదే.

వాల్తేరు ప్రయోగాలు

వాల్తేరు శాఖ రెండు దారుల్లో నడిచింది. మొదటిది వ్యక్తిత్వం. బి. కె. కాంతామణి, రామకృష్ణారావు కలిసి 1970ల మొదట్లో ప్రచురించిన పత్రాల పరంపరలో బహిర్ముఖులు, ఆందోళన తక్కువగా ఉన్నవారు కార్డు పరీక్షల్లో మెరుగనీ, అంతర్ముఖులు, ఆందోళనపరులు సగటుకి దిగువన ఉంటారనీ చెప్పారు. అప్పటికే ప్రామాణికమైన వ్యక్తిత్వ ప్రశ్నావళులను వాడి, ఊహకి అందే పరికల్పనలను పరీక్షించడం ఈ పనిలోని సుగుణం.

రెండో దారి ధ్యానం. హెచ్. దుఖాన్‌తో కలిసి రామకృష్ణారావు పుదుచ్చేరిలోని ఒక ఆశ్రమ సాధకులపై చేసిన అధ్యయనం 1973లో ప్రచురితమయింది. ధ్యానానికి ముందు ఒకసారి, తరువాత ఒకసారి పరీక్ష పెట్టారు. ముందు పరీక్షలో సగటుకి తక్కువ, తరువాతి పరీక్షలో సగటుకి ఎక్కువ వచ్చిందని నివేదించారు. 1978లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నుండి 'జర్నల్ ఆఫ్ ఇండియన్ సైకాలజీ' మొదలయింది. ధ్యానంపై తరువాతి పత్రం అందులోనే వచ్చింది. పతంజలి విభూతిపాదంలో సిద్ధులకి ధారణ, ధ్యాన, సమాధులు కారణమని చెప్పిన మాటని పరీక్షకి నిలబెట్టే ప్రయత్నంగా దీనిని చూడాలి.

మందుల పరీక్షలతో పరిచయమున్న వైద్యుడికి ఈ ఫలితం చూడగానే కొన్ని ప్రశ్నలు తోస్తాయి. ముందు 4.7, తరువాత 5.3 వచ్చాయనుకుందాం. ఇవి ఉదాహరణకి నేను వేసుకున్న అంకెలు మాత్రమే. రెండింటి మధ్య తేడా ఘనంగా కనిపిస్తుంది. కానీ ఆ తేడాలో సగం, 'ముందు' అంకె కిందికి దిగడం వల్ల వచ్చినది. ధ్యానం చేయనప్పుడు మనసుకి ఏ శక్తీ లేకపోతే 5 రావాలి కదా, 4.7 ఎందుకు వచ్చింది? దానికీ శక్తే కారణమంటే, ధ్యానం శక్తిని పెంచిందనడం కుదరదు, దిశ మార్చిందనే అనాలి. అంటే పరికల్పనే మారిపోయింది. ధ్యానం చేయకుండా అంతసేపు ఊరికే కూర్చున్నవారికి ఏమవుతుంది? ఏ పరీక్ష ముందో ఏది తరువాతో దిద్దేవారికి తెలియకుండా ఉంచారా? ఇవన్నీ ఫలితం చూశాక కాక, ప్రయోగానికి ముందే జవాబు రాసిపెట్టుకోవలసిన ప్రశ్నలు.

భేదాత్మక ప్రభావంలోని అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఎక్కువ వచ్చినా ఆధారమే, తక్కువ వచ్చినా ఆధారమే, ఒకచోట ఎక్కువ మరొకచోట తక్కువ వచ్చినా ఆధారమే అయితే, ఓడిపోవడానికి సిద్ధాంతానికి మిగిలే చోటు చాలా ఇరుకు. ఏ దిశలో తేడా రావాలో ముందే చెప్పి, అది రాకపోతే ఓడినట్టు ఒప్పుకుంటే ఈ చిక్కు తీరుతుంది. చెప్పకపోతే లెక్క తారుమారవుతుంది. నూటికి అయిదు వంతుల ప్రమాణం పెట్టుకుని, ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 విశ్లేషణలు చేస్తే, ఏ ప్రభావమూ లేకపోయినా కనీసం ఒకటి గెలిచినట్టు కనబడే అవకాశం నూటికి 64. ఇందులో మోసం అక్కరలేదు. ఆశ ఉంటే చాలు.

మరొక దారి: వ్యక్త్యతీత మనోవిజ్ఞానం

వాల్తేరులో శాఖ పెట్టిన రెండేళ్ళకి, 1969లో, కాలిఫోర్నియాలో ఆంథొనీ సుటిచ్ 'జర్నల్ ఆఫ్ ట్రాన్స్‌పర్సనల్ సైకాలజీ'ని ప్రారంభించాడు. ఆబ్రహాం మాస్లో, స్టానిస్లావ్ గ్రోఫ్ ఆ ఉద్యమానికి మూలస్తంభాలు. అహం హద్దులు దాటిన అనుభవాలు, అంటే సమాధి, ఏకత్వ భావన, మరణాసన్న అనుభూతి, రోగాలు కావనీ, మనసు ఎదుగుదలలో భాగమనీ వారన్నారు. కార్డులు లెక్కపెట్టడం వారి పని కాదు. అనుభవం ఆ వ్యక్తికి ఏమిటన్నదే వారి ప్రశ్న.

దీనికి పద్ధతి ఏమిటన్న విషయాన్ని చార్లెస్ టార్ట్ 1972లో 'సైన్స్' పత్రికలో చర్చించాడు. మామూలు జాగ్రదవస్థకి ఒక విజ్ఞానం ఉన్నట్టే, ఒక్కొక్క చైతన్య స్థితికీ ఒక్కొక్క విజ్ఞానం ఉండవచ్చునని, ఆ స్థితిలో శిక్షణ పొందినవారే దాని పరిశీలకులని ఆయన ప్రతిపాదన. మనకి ఇది కొత్తగా వినబడదు. శ్రవణ, మనన, నిదిధ్యాసనలు లేకుండా వేదాంతం తెలియదని మన సంప్రదాయమూ అంటుంది.

ఈ వాదనని తేలికగా కొట్టిపారేయలేము. సూక్ష్మదర్శినిలో కణజాలం చూసి కాన్సరు ఉన్నదీ లేనిదీ చెప్పడానికి కూడా ఏళ్ళ శిక్షణ కావాలి. అది లేనివారికి కనిపించేది గులాబీ, ఊదా రంగుల చారలే. కానీ పాథాలజీలో ఒక వెసులుబాటు ఉంది. ఒకే స్లైడుని, పేరు కప్పి, ఇద్దరికి విడివిడిగా ఇవ్వవచ్చు. వారి మధ్య ఏకీభావం ఎంతో కొలవవచ్చు. రోగి తరువాతి స్థితితో పోల్చి ఎవరు తప్పారో తేల్చవచ్చు. సమాధి అనుభవానికి అలాంటి స్లైడు లేదు. అద్వైత సాధకుడు బ్రహ్మైక్యాన్ని చెబుతాడు, బౌద్ధ సాధకుడు అనాత్మని చెబుతాడు. సంప్రదాయపు భాషా భావనలే అనుభవాన్ని రూపొందిస్తాయని 1978లో స్టీవెన్ కాట్జ్ వాదించాడు. ఆ వాదానికి తిరుగులేని జవాబు వ్యక్త్యతీత మనోవిజ్ఞానం నుండి రాలేదు.

యంత్రాలు తెచ్చినా పని సులువు కాలేదు. 1961లో ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకి చెందిన బి. కె. ఆనంద్, ఛినా, బల్దేవ్ సింగ్ యోగుల మెదడు తరంగాలను నమోదు చేసి, సమాధిలో బయటి ఉద్దీపనలు ఆల్ఫా తరంగాలని చెదరగొట్టలేదని రాశారు. 1966లో జపాన్‌లో కసమత్సు, హిరాయ్ జెన్ సాధువులలో దాదాపు వ్యతిరేకం చూశారు. శబ్దం వచ్చిన ప్రతిసారీ తరంగాలు చెదిరాయి, అలవాటు పడి ఆగిపోలేదు. ఇంద్రియ నిగ్రహానికి యోగం, ఎరుకకి జెన్ అని ఈ తేడాని ఎందరో అందంగా వ్యాఖ్యానించారు. 1981లో బెకర్, షపిరో మూడు సంప్రదాయాల సాధకులని సామాన్యులతో పోల్చి చూస్తే ఆ తేడాలు కనబడలేదు. వ్యాఖ్యానాలు మాత్రం ఈనాటికీ ఉపన్యాసాలలో వినబడుతూనే ఉన్నాయి.

అయినా ఈ ఉద్యమం వైద్యానికి ఒక మేలు చేసింది. లూకాఫ్, లూ, టర్నర్‌ల ప్రతిపాదన ఫలితంగా 1994లో అమెరికన్ మనోవైద్యుల వర్గీకరణ నాలుగో కూర్పులో 'మతపరమైన లేదా ఆధ్యాత్మిక సమస్య' అన్న విభాగం చేరింది. అది రోగం పేరు కాదు, వైద్యుడు గమనించవలసిన అంశం. ఖతార్ వంటి చోట, అరబ్బు దేశాల వారూ, దక్షిణాసియా వారూ, ఫిలిప్పీన్స్ వారూ ఒకే వరుసలో కూర్చునే ఆసుపత్రులలో దీని విలువ తెలుస్తుంది. చనిపోయిన తండ్రి కనబడి మాట్లాడాడని చెప్పిన మనిషికి వెంటనే మందు రాయకుండా, ముందు అతని మాట వినడానికి ఆ విభాగం వీలు కల్పిస్తుంది. అనుభవం నిజంగా కలిగిందని ఒప్పుకోవడానికీ, దాని కారణం గురించి అతను చెప్పినది నిజమని ఒప్పుకోవడానికీ మధ్య ఉన్న తేడాయే ఇక్కడ ఆధారం.

విచారణ మొదలయింది

పరామనోవిజ్ఞానానికి బయటి గుర్తింపు 1969 డిసెంబరులో వచ్చింది. మార్గరెట్ మీడ్ మద్దతుతో పారాసైకలాజికల్ అసోసియేషన్‌కి అమెరికన్ శాస్త్ర పురోభివృద్ధి సంఘంలో అనుబంధ సభ్యత్వం దొరికింది. పదేళ్ళ తరువాత భౌతిక శాస్త్రవేత్త జాన్ వీలర్ దానిని తొలగించాలని గట్టిగా కోరినా, సభ్యత్వం నిలిచింది.

దెబ్బ లోపలినుంచి తగిలింది. 1974లో రైన్ సంస్థలో డైరెక్టరుగా ఉన్న యువ వైద్యుడు వాల్టర్ లెవీ ఫలితాలని తారుమారు చేస్తుండగా సహోద్యోగులే పట్టుకున్నారు. రైన్ దానిని దాచకుండా తన పత్రికలోనే ప్రకటించాడు. ఆ మచ్చ పడిన సంస్థకి 1970ల చివర డైరెక్టరుగా వెళ్ళినది రామకృష్ణారావే.

1987లో ఆయనా, జాన్ పామరూ కలిసి రాసిన వ్యాసం 'బిహేవియరల్ అండ్ బ్రెయిన్ సైన్సెస్'లో వచ్చింది. పక్కనే విమర్శకుడు జేమ్స్ ఆల్కాక్ వ్యాసం, రెండింటిపై పలువురు శాస్త్రవేత్తల వ్యాఖ్యలు అచ్చయ్యాయి. ప్రధాన స్రవంతి పత్రికలో వాల్తేరు చదువు వాదించిన కేసు ఇదే. 'సై' అంటే ఆత్మకి రుజువని రావు, పామర్ అనలేదు. వివరణ దొరకని అసాధారణ ఫలితాలున్నాయనీ, వాటిని పరిశీలించడం సమంజసమనీ మాత్రమే అన్నారు. ఆల్కాక్ జవాబు సూటిగానే ఉంది: ఇన్నేళ్ళ తరువాత కూడా, కోరిన పరిశోధకుడు కోరినప్పుడు మళ్ళీ చూపగల ప్రయోగం ఒక్కటీ లేదు. మరుసటి ఏడు అమెరికా జాతీయ పరిశోధన మండలి నివేదిక కూడా, 130 ఏళ్ళ పరిశోధనలో ఈ శక్తుల ఉనికికి శాస్త్రీయ ఆధారం కనబడలేదని తేల్చింది.

ఇదే కాలంలో ప్రయోగశాల బయట తెలుగు నేల మీద మరొక పరిశీలన జరిగింది. ఐస్‌లాండ్‌కి చెందిన ఎర్లెండూర్ హరాల్డ్‌సన్, కార్లిస్ ఓసిస్‌తో కలిసి 1970లలో పుట్టపర్తి వచ్చి సత్య సాయిబాబాను కలిశాడు. నియంత్రిత ప్రయోగానికి ఆయన అంగీకరించలేదు. కనుక 1987లో వచ్చిన హరాల్డ్‌సన్ పుస్తకం మళ్ళీ సాక్ష్యాల సేకరణగానే మిగిలింది. సృష్టించబడ్డాయని చెప్పే వస్తువుల విషయంలో అబ్రహాం కోవూర్ వంటి హేతువాదులు అడిగినదీ, రైన్ సంప్రదాయం అడిగినదీ ఒకటే: మేము పెట్టిన షరతులతో ఒకసారి చేసి చూపండి. నమ్మేవారిలోనూ నమ్మనివారిలోనూ పద్ధతి తెలిసినవారు ఈ ఒక్క విషయంలో ఒకే పక్షం.

లెక్క తేలిన చోటు

2011లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన డారిల్ బెమ్, మనుషులు భవిష్యత్తుని కొద్దిగా పసిగట్టగలరని చూపే తొమ్మిది ప్రయోగాలని సామాజిక మనస్తత్వ శాస్త్రంలో ప్రముఖ పత్రికలో ప్రచురించాడు. అందరూ వాడే పద్ధతులే ఆయనా వాడాడు. అదే శాస్త్రలోకానికి కలవరమయింది. ఈ పద్ధతితో ఇది కూడా రుజువవుతుందంటే, దీనితో రుజువైన మిగతావాటి మాటేమిటి? 2015లో 100 మనస్తత్వ ప్రయోగాలని మళ్ళీ చేసి చూస్తే, మొదట నూటికి 97 సఫలమైన చోట ఈసారి 36 మాత్రమే సఫలమయ్యాయి. మందుల పరీక్షలని ముందే నమోదు చేయకపోతే ప్రచురించబోమని ప్రధాన వైద్య పత్రికలు 2005 నుండే పట్టుబట్టాయి. మనస్తత్వ శాస్త్రం ఆ పాఠాన్ని ఆలస్యంగా నేర్చుకుంది.

బెమ్ మొదటి ప్రయోగాన్ని నమ్మేవారూ సందేహించేవారూ కూర్చుని, నియమాలు ముందే ఒప్పుకుని, పలు దేశాల ప్రయోగశాలలలో తిరిగి చేశారు. 2023లో ఫలితం వచ్చింది. 37,000కు పైగా ఊహలలో సరిపోయినవి నూటికి 49.89. నాణెం ఎగరేసినా ఇంతే.

ఈ అంకె వెలుగులో వాల్తేరు పత్రాలని చదివితే, అక్కడ నివేదించిన చిన్న చిన్న తేడాలకి అతీంద్రియ శక్తిని కారణంగా చెప్పడానికి ఆధారం మిగలదని నా అభిప్రాయం. ఇందువల్ల ఆ శాఖ చేసినదంతా వ్యర్థమని కాదు. పరామనోవిజ్ఞానం శాస్త్రీయ పద్ధతిని వాడింది. కానీ ఆ పద్ధతి దానికి అనుకూలమైన తీర్పు ఇవ్వలేదు. తీర్పు రావడానికి వీలైన రీతిలో ప్రశ్నని వేయడం, అంకెలని ఇతరులు తిరిగి చూడగలిగేలా అచ్చువేయడం శాస్త్రకార్యమే. వ్యక్త్యతీత మనోవిజ్ఞానం చాలావరకు ఆ పరీక్షకి నిలబడనే లేదు. అందుకే అది చికిత్సలో, తత్త్వచర్చలో ఉపయోగపడినా, బ్రిటిష్ మనస్తత్వ సంఘంలో 1996లో ఒక విభాగం పొందినా, అమెరికన్ సంఘంలో ప్రత్యేక విభాగం దక్కించుకోలేకపోయింది.

రామకృష్ణారావు తరువాతి జీవితం కార్డుల నుంచి దూరంగా జరిగింది. 1980లలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి ఉపాధ్యక్షులయ్యారు. ఆనంద్ పరాంజపే, అజిత్ దలాల్‌తో కలిసి 2008లో భారతీయ మనోవిజ్ఞానంపై పెద్ద సంకలనం వెలువరించారు. 2011లో పద్మశ్రీ వచ్చింది. 2021 నవంబరులో విశాఖపట్నంలో మరణించారు. సాంఖ్య యోగ వేదాంతాలలో మనసుకీ చైతన్యానికీ చేసిన విభజనని ఆధునిక పరిభాషలో నిలబెట్టడం ఆయన చివరి దశ కృషి. అది ప్రయోగ ఫలితాలపై ఆధారపడినది కాదు కనుక 49.89 దానిని కూల్చలేదు. దాని బాగోగులు తత్త్వశాస్త్రం తేల్చవలసినవి.

ఇవాళ మన ఫోన్లలోకి వచ్చే వీడియోలలో 'సైన్సు నిరూపించింది' అన్న మాట రోజూ వినబడుతుంది. ఫలానా మంత్రం మెదడుని మారుస్తుందనీ, ఫలానా ముద్ర రక్తపోటు తగ్గిస్తుందనీ చెబుతారు. వాటిని నమ్మి మందులు ఆపేసే రోగులున్నారు. వాల్తేరు చరిత్ర తెలిసినవారు అప్పుడు నాలుగు ప్రశ్నలు అడగగలరు. ఏ ఫలితం వస్తే ఓడినట్టో ముందే చెప్పారా? పోల్చడానికి మరొక బృందం ఉందా? కొలిచినవారికి ఎవరు ఎవరో తెలుసా? ఇంకెవరైనా మళ్ళీ చేసి చూశారా? ఈ ప్రశ్నలు అడగడానికి యోగం మీద గౌరవం వదులుకోనక్కరలేదు. యోగాన్ని పరీక్షకి నిలబెట్టవచ్చని నమ్మి ఒక శాఖనే స్థాపించినవారు ఆ గౌరవంతోనే ఆ పనికి పూనుకున్నారు.